టార్ ఫైలు పంపేటప్పుడు అది ఏ టారో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పాత పత్రికల స్కాన్లు, గ్రంథాలయాల జాబితాలు, కళాశాలల పరిశోధన సమాచారం ఇప్పుడు ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు మూటలుగా వెళ్తున్నాయి. లినక్స్, మ్యాక్, ఫ్రీబీఎస్‌డీ లాంటి యూనిక్స్ తరహా యంత్రాల మధ్య ఆ మూట కట్టే పనిముట్టు టార్. "టార్ చేసి పంపండి" అంటారు, పంపుతారు. అవతల విప్పి చూస్తే కొన్ని ఫైళ్లు ఉండవు, కొన్నింటి పేర్లు తోక తెగి ఉంటాయి, కొన్నిచోట్ల అడగని ఫైళ్లు వందల్లో వచ్చి పడతాయి. ఆ లోపు అసలు డిస్కు ఖాళీ చేసేసి ఉంటే ఇక చేయగలిగింది లేదు. ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుకునేవారికి ఈ దెబ్బ ఇంగ్లిష్ పేర్లవారికంటే చాలా ముందే తగులుతుంది. అది ఎందుకో, ఎలా తప్పించుకోవాలో చెప్పడానికే ఈ లేఖ. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను; కంప్యూటర్ మీద ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి, పెద్ద అక్షరాలు కావాల్సిన చోట చెబుతాను.

మొదట తెలియాల్సింది, టార్ అనేది ఒక్క ప్రోగ్రాం కాదు. 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌లో టేపుల కోసం వచ్చిన పేరు అది. ఆ పేరుతో ఇప్పుడు వేర్వేరు ప్రోగ్రాంలు ఉన్నాయి. లినక్స్ పంపిణీల్లో ఎక్కువగా గ్నూ టార్ ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీలో, మ్యాక్‌లో లిబ్‌ఆర్కైవ్ అనే కోడ్ భాండారం ఆధారంగా నడిచే బీఎస్‌డీ టార్ ఉంటుంది. ఓపెన్‌బీఎస్‌డీలో పాక్స్ అనే ప్రోగ్రామే టార్ వేషంలోనూ పనిచేస్తుంది. ఆల్పైన్ లినక్స్‌లో బిజీబాక్స్ వారి చిన్న టార్, తక్కువ ఆప్షన్లతో వస్తుంది. సోలారిస్, ఏఐఎక్స్‌లకు ఎవరిది వారికే. మీ దగ్గర ఉన్నది ఏదో తెలుసుకోవడానికి "టార్ --వెర్షన్" కొడితే గ్నూ, బీఎస్‌డీ రెండూ తమ పేరు చెబుతాయి.

ఇక మూట లోపలికి వెళ్దాం. టార్ ఫైలు అంతా 512 బైట్ల ముక్కలు. ప్రతి ఫైలుకు ముందు 512 బైట్ల చీటీ ఒకటి ఉంటుంది, దాన్నే హెడర్ అంటాం. ఆ చీటీలో ఫైలు పేరుకు 100 బైట్లు, అనుమతులకు 8, యజమాని నంబరుకు 8, గ్రూపు నంబరుకు 8, ఫైలు పరిమాణానికి 12, సవరించిన సమయానికి 12, చెక్‌సమ్‌కు (చీటీ చెడలేదని చూసే మొత్తానికి) 8, ఇలా గళ్లు గీసి ఉంటాయి. 1988లో పోసిక్స్ ప్రమాణం (యూనిక్స్ తరహా యంత్రాలకు ఉమ్మడి నియమావళి) ఈ చీటీకి యూస్టార్ అనే రూపం ఇచ్చి, ఫోల్డర్ దారి కోసం చివర్లో మరో 155 బైట్ల గడి చేర్చింది. అంటే దారి, పేరు కలిపి గరిష్ఠంగా 256 బైట్లు. అయితే ఆ రెండు గళ్లకూ మధ్య విరుపు వాలుగీత దగ్గరే రావాలి. వాలుగీత లేని చోట విరవడం కుదరదు. అంటే ఒక్క ఫైలు పేరు, ఫోల్డర్లు కాకుండా, 100 బైట్లు దాటితే యూస్టార్‌లో దానికి చోటే లేదు.

తెలుగువారికి ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు, సున్నాకు దేనికదే మూడు బైట్లు. "ఆంధ్రప్రదేశ్" అని చదివేటప్పుడు మనకు వినిపించేవి ఐదు అక్షరాలు, యూనికోడ్ (ప్రపంచ లిపుల గుర్తులకు నంబర్లిచ్చే పట్టిక) లెక్కలో 12, బైట్లలో 36. ఒక మామూలు పేరు తీసుకోండి: "గ్రంథాలయ వార్షికోత్సవ ఆహ్వాన పత్రిక". గ్రంథాలయకు 8, వార్షికోత్సవకు 12, ఆహ్వానకు 6, పత్రికకు 6, మొత్తం 32 గుర్తులు, 96 బైట్లు. మధ్యలో మూడు ఖాళీలు, 99. ఇంతవరకూ 100 బైట్ల గడిలో పట్టింది. చివర చుక్క, పీడీఎఫ్ కలిపితే నాలుగు బైట్లు, మొత్తం 103. పట్టదు.

అప్పుడు ఏమవుతుందనేది మీ టార్ ఏ రూపంలో రాస్తోందన్నదాని మీద ఉంటుంది. యూస్టార్ రూపమే కావాలని గ్నూ టార్‌కు చెబితే, పేరు మరీ పొడవు, విరవడం కుదరదు, మూటలో పెట్టలేదు అని ఒక వాక్యం తెర మీద పడేసి మిగతా ఫైళ్లతో ముందుకు సాగుతుంది. మూట తయారవుతుంది, అందులో ఆ ఫైలు ఉండదు. రాత్రి రెండు గంటలకు క్రాన్ (నిర్ణీత వేళకు పనులు చేయించే ప్రోగ్రాం) నడిపే బ్యాకప్‌లో ఆ వాక్యాన్ని చదివేవారెవరు?

గ్నూ టార్‌ను దాని సొంత గ్నూ రూపంలో రాయనిస్తే ఫైలు పోదు. పొడవు పేరును విడిగా ఒక ముక్కలో పెట్టి, దానికి లాంగ్‌లింక్ అనే దొంగ పేరు తగిలిస్తుంది. నేటి లిబ్‌ఆర్కైవ్ దీన్ని హాయిగా చదువుతుంది. ఈ పద్ధతి తెలియని పాత యూనిక్స్ టార్‌లు మాత్రం అసలు చీటీలోని మొదటి వంద బైట్లనే పేరుగా తీసుకుంటాయి. మన ఉదాహరణలో 99 బైట్ల పేరు, ఒక చుక్క మిగిలి, పీడీఎఫ్ ఊడిపోతుంది. కోత ఒక తెలుగు గుర్తు మధ్యలో పడితే ఆ చివరి అక్షరం ప్రశ్నార్థకాలుగా కనిపిస్తుంది. వందో బైటు లోపల ఒకేలా మొదలయ్యే రెండు పేర్లుంటే రెండో ఫైలు మొదటిదాని మీద పడి దాన్ని చెరిపేస్తుంది. "గ్రంథాలయ వార్షికోత్సవ ఆహ్వాన పత్రిక" పీడీఎఫ్ ఒకటి, అదే పేరుతో టీఎక్స్‌టీ ఒకటి ఉన్నాయనుకోండి, సరిగ్గా ఇదే జరుగుతుంది.

మందు 2001 పోసిక్స్ ప్రమాణంలోనే ఉంది. దాని పేరు పాక్స్ రూపం. 512 బైట్ల చీటీకి ముందు మరో అదనపు చీటీ పెట్టి, అందులో పేరును ఎంత పొడవైనా యూటీఎఫ్-8లో రాస్తారు. యూస్టార్ చీటీలో భాష ఏదో, ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే చోటే లేదు. పాక్స్‌లో అది ప్రమాణంగా ఖాయమైంది. తెలుగు పేర్లకు ఇదే సరైన దారి. గ్నూ టార్‌లోనూ, బీఎస్‌డీ టార్‌లోనూ "--ఫార్మాట్=పాక్స్" అని ఒకే విధంగా అడగవచ్చు. మామూలుగా ఏమీ చెప్పకపోతే గ్నూ టార్ తనను కట్టినప్పుడు పెట్టిన రూపం వాడుతుంది. "టార్ --షో-డిఫాల్ట్స్" కొడితే అదేదో చూపిస్తుంది. బీఎస్‌డీ టార్ మాత్రం ఏమీ చెప్పకపోతే, అవసరమైన ఫైళ్లకు మాత్రమే పాక్స్ చీటీ చేరుస్తుంది. కాబట్టి ఊహకు వదలకుండా రూపం పేరు ప్రతిసారీ రాయడమే క్షేమం.

పాక్స్ తెలియని పాత టార్‌తో పాక్స్ మూట విప్పితే పాక్స్‌హెడర్స్ అనే ఫోల్డర్లు పుట్టి, వాటి నిండా చిన్న చిన్న టెక్స్ట్ ఫైళ్లు కనిపిస్తాయి. కంగారుపడి చెరిపేయకండి. ఆ అదనపు చీటీలే ఫైళ్లుగా బయటపడ్డాయి. ఒకటి తెరిస్తే లోపల 113 అనే అంకె, ఒక ఖాళీ, పాత్ అనే మాట, సమానం గుర్తు, ఆ పక్కన మన ఆహ్వాన పత్రిక పూర్తి పేరు ఉంటాయి. 113 అంటే ఆ వరుస మొత్తం పొడవు: పేరుకు 103, మధ్య మాటకు 6, వరుస ముగింపుకు 1, అంకెకే 3. తోక తెగిన ఫైలుకు అసలు పేరు ఏమిటో ఇక్కడి నుంచి చూసి చేత్తో మార్చుకోవచ్చు.

పరిమాణం విషయంలోనూ ఇలాంటి హద్దే ఉంది. పరిమాణం గడిలో 11 ఆక్టల్ (0 నుంచి 7 వరకే ఉండే) అంకెలు పడతాయి. అంటే యూస్టార్‌లో ఒక ఫైలు 8,58,99,34,591 బైట్లు, అంటే ఎనిమిది గిగాబైట్లకు ఒక్క బైటు తక్కువ, అంతవరకే. పెద్ద వీడియో అయినా, డేటాబేస్ డంప్ అయినా దీన్ని సులువుగా దాటుతుంది. పాక్స్‌లో పరిమాణాన్ని కూడా అదనపు చీటీలో రాస్తారు కాబట్టి హద్దు ఉండదు. సీపీఐఓ అనే మరో మూట పనిముట్టు వాడేవారు ఉంటే వారికి ఇంకా ఇరుకు: న్యూసీ అనే రూపంలో పరిమాణానికి ఎనిమిది హెక్సా (16 ఆధారంగా లెక్కించే) అంకెలు, అంటే నాలుగు గిగాబైట్ల లోపే.

చెక్‌సమ్ గురించి ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే ఇది ఇంగ్లిష్ పేర్లు పెట్టేవారికి ఎప్పటికీ ఎదురుకాదు. చీటీలోని బైట్లన్నీ కూడి ఆ మొత్తాన్ని చెక్‌సమ్ గడిలో రాస్తారు. పాత బీఎస్‌డీ, సోలారిస్, హెచ్‌పీ-యూఎక్స్ టార్‌లు కొన్ని బైట్లను రుణ సంఖ్యలు కూడా ఉండే పద్ధతిలో కూడేవి. 127 లోపు బైట్లకు రెండు పద్ధతుల్లోనూ ఒకే జవాబు వస్తుంది. తెలుగు యూటీఎఫ్-8లో ప్రతి బైటూ 127 దాటినదే. కాబట్టి తెలుగు పేరున్న ఫైలు దగ్గర లెక్క తప్పుతుంది. లిబ్‌ఆర్కైవ్ రెండు లెక్కలూ వేసి చూసి ఏది కుదిరినా ఒప్పుకుంటుంది. అంత ఓపిక లేని చిన్న ప్రోగ్రాంలు "ఇది టార్ ఫైలే కాదు" అంటే మూట పాడైందని వెంటనే అనుకోకుండా బీఎస్‌డీ టార్‌తో ఒకసారి ప్రయత్నించండి. ఈ చెక్‌సమ్ చీటీకి మాత్రమే కాపలా అని కూడా గుర్తుంచుకోవాలి. ఫైలు లోపలి విషయం మారిపోతే టార్‌కు తెలియదు.

మ్యాక్ నుంచి వచ్చే మూటల్లో మరో రెండు చిక్కులు ఉంటాయి. ఒకటి, ప్రతి ఫైలు పక్కనా చుక్క, కింది గీతతో మొదలయ్యే జంట ఫైలు లినక్స్‌లో ప్రత్యక్షమవుతుంది. మ్యాక్ తన అదనపు సమాచారాన్ని అలా మోస్తుంది. మూట కట్టే ముందు కాపీఫైల్_డిజేబుల్ అనే పరిసర చరరాశిని, అన్నీ పెద్ద అక్షరాల్లో, 1కి సమానం చేస్తే ఆ జంటలు రావు.

రెండోది ఇంకా సూక్ష్మం, పూర్తిగా మన భాషకు సంబంధించినది. యూనికోడ్‌లో ఐత్వం గుర్తును ఒకే గుర్తుగా రాయవచ్చు. ఎత్వం, దాని కింద ఐత్వపు పొడిగింపు అని రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. 2017లో ఏపీఎఫ్ఎస్ అనే కొత్త డిస్కు అమరిక రాకముందు మ్యాక్‌లు వాడిన హెచ్‌ఎఫ్ఎస్ ప్లస్ డిస్కులు పేర్లను ఈ విడిపోయిన రూపంలోనే దాచేవి. "కైకలూరు" అని పేరు పెడితే మనం కొట్టింది 21 బైట్లు. ఆ డిస్కు మీద అది 24. అక్కడ కట్టిన మూటలోకి విడిపోయిన పేరే ఎక్కి, లినక్స్‌లో విప్పితే జాబితాలో కైకలూరు కనిపిస్తుంది, కీబోర్డు మీద కైకలూరు అని కొడితే అలాంటి ఫైలు లేదని వస్తుంది. పైగా కొత్త మూట విప్పితే రెండు కైకలూరులు పక్కపక్కనే నిలుస్తాయి. దీనికి కాన్వ్‌ఎంవీ అనే ప్రోగ్రాం ఉంది: "కాన్వ్‌ఎంవీ -ఆర్ -ఎఫ్ యూటీఎఫ్8 -టి యూటీఎఫ్8 --ఎన్ఎఫ్‌సీ", ఆ తర్వాత ఫోల్డర్ పేరు. ముందు ఏమేమి మారుస్తుందో చూపించి ఊరుకుంటుంది. "--నోటెస్ట్" చేర్చినప్పుడే నిజంగా మారుస్తుంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల మధ్య కంటికి కనిపించకుండా వచ్చే విడదీత గుర్తుతోనూ ఇదే గోల. దానికీ మూడు బైట్లు పోతాయి. ఆ గుర్తు ఉన్న పేరు, లేని పేరు లినక్స్‌కు రెండు వేర్వేరు ఫైళ్లు. పాత హెచ్‌ఎఫ్ఎస్ ప్లస్ పోలికలో ఆ గుర్తును లెక్కలోకే తీసుకోదు కాబట్టి అక్కడ ఒకటి ఇంకోదాన్ని మింగేస్తుంది.

క్రాన్‌లో నడిచే పనులకు భాష సెట్టింగు మామూలుగా సి లొకేల్, అంటే ఇంగ్లిష్ అక్షరాలే తెలిసిన సెట్టింగు, ఉంటుంది. గ్నూ టార్ జాబితాలో అప్పుడు తెలుగు బదులు వెనుక వాలుగీతలతో 340, 260, 244 లాంటి అంకెలు కనిపిస్తాయి. అది "త" అనే అక్షరమే; ఫైలు పేరుకు ఏమీ కాలేదు. బీఎస్‌డీ టార్ మాత్రం పేరును మార్చలేకపోతున్నానని గట్టిగానే ఫిర్యాదు చేస్తుంది. స్క్రిప్టు మొదట్లోనే ఎల్‌సీ_ఆల్‌ను, పెద్ద అక్షరాల్లో, యూటీఎఫ్-8 ఉన్న లొకేల్‌కు మార్చితే రెండూ దారిలో పడతాయి.

ఆప్షన్లలో ఒకే అక్షరానికి వేర్వేరు అర్థాలు ఉండటం మరో ఊబి. గ్నూ టార్‌లో పెద్ద ఐ అంటే జెడ్‌ఎస్‌టీడీ లాంటి కుదింపు ప్రోగ్రాం పేరు. బీఎస్‌డీ టార్‌లో అదే పెద్ద ఐ అంటే ఫైళ్ల జాబితా ఉన్న ఫైలు. లినక్స్‌లో రాసిన స్క్రిప్టు మ్యాక్‌లో "జెడ్‌ఎస్‌టీడీ అనే ఫైలు లేదు" అనడానికి కారణం ఇదే. చిన్న ఓ ఇంకా ప్రమాదం: గ్నూ టార్‌లో విప్పేటప్పుడు అది యజమానిని మార్చవద్దని చెప్పడం, కట్టేటప్పుడు అదే ఓ 1979 నాటి పాత రూపంలో రాయమని చెప్పడం. విప్పే అలవాటులో కట్టేటప్పుడూ కొడితే పొడవు తెలుగు పేర్లన్నీ గల్లంతు. నక్షత్రం గుర్తుతో కొన్ని ఫైళ్లే విప్పాలంటే బీఎస్‌డీ టార్ అలాగే ఒప్పుకుంటుంది, గ్నూ టార్‌కు "--వైల్డ్‌కార్డ్స్" అని విడిగా చెప్పాలి. పేర్లు మార్చడానికి గ్నూలో "--ట్రాన్స్‌ఫార్మ్", బీఎస్‌డీలో చిన్న ఎస్. "--జెడ్‌ఎస్‌టీడీ" గ్నూ టార్ 1.31లో, 2019లో వచ్చింది; అంతకుముందు వెర్షన్లున్న సర్వర్లకు ఆ మాటే తెలియదు. మూట ఫైలు పేరు చెప్పే ఎఫ్ ఆప్షన్ ఇవ్వడం మరిస్తే కొన్ని టార్‌లు ఇప్పటికీ టేపు డ్రైవ్ కోసం వెతుకుతాయి.

ఇన్ని తేడాల మధ్య అన్నిచోట్లా నడిచే పద్ధతి ఇది. ఫోల్డర్ పైన ఉన్న చోటికి వెళ్లి, వాలుగీతతో మొదలుకాని పేరుతో కట్టండి: "టార్ --ఫార్మాట్=పాక్స్ -సీఎఫ్ మూట.టార్ ఫోల్డర్". పూర్తి దారితో కడితే, ముందున్న వాలుగీతను తీయని పాత టార్‌లలో విప్పినప్పుడు అవతలివారి అసలు ఫైళ్ల మీదే పడుతుంది. కుదింపు విడిగా, రెండో మెట్టుగా "జీజిప్ -ఎన్ మూట.టార్" అని చేయండి. టార్‌ను, జీజిప్‌ను గొట్టంతో (నిలువు గీత గుర్తుతో) కలిపి ఒకే వరుసలో రాయడం అందంగా ఉంటుంది. అయితే షెల్ మామూలుగా చివరి ఆదేశం జయాపజయాన్నే చెబుతుంది. టార్ ఒక ఫైలును వదిలేసినా జీజిప్ నెగ్గితే అంతా సజావుగా జరిగినట్టే కనిపిస్తుంది. గొట్టమే వాడాలంటే, మధ్యలో ఏది ఓడినా చెప్పేలా స్క్రిప్టులో పైప్‌ఫెయిల్ పెట్టండి. ఎక్స్‌జెడ్ బాగా కుదిస్తుంది, కానీ పాత యంత్రాల్లో దొరికేది జీజిప్. జీజిప్‌ను తనే పిలిచే జెడ్ ఆప్షన్ లేని టార్ ఎదురైతే "జీజిప్ -డీసీ మూట.టార్.జీజెడ్ | టార్ -ఎక్స్ఎఫ్ -" అంటే పనైపోతుంది.

కట్టిన వెంటనే "టార్ -టీఎఫ్ మూట.టార్ | డబ్ల్యూసీ -ఎల్" వచ్చిన సంఖ్యను, "ఫైండ్ ఫోల్డర్ | డబ్ల్యూసీ -ఎల్" వచ్చిన సంఖ్యను పోల్చండి. రెండూ సరిపోకపోతే ఏదో ఒకటి బయటే ఉండిపోయింది. వంద బైట్లు దాటిన పేర్ల గొడవ మొదట బయటపడేది ఈ పోలికలోనే. మూటతో పాటు సీకేసమ్ ప్రోగ్రాం ఇచ్చే తనిఖీ అంకె పంపండి. లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్, ఫ్రీబీఎస్‌డీలో ఎస్‌హెచ్‌ఏ256, మ్యాక్‌లో షాసమ్ అంటూ పేర్లు మారుతుంటే, సీకేసమ్ మాత్రం పోసిక్స్ ప్రమాణంలో ఉన్నందున అన్నిచోట్లా అదే పేరు, అదే జవాబు. ఎవరో కావాలని మార్చారా అన్న అనుమానం ఉంటేనే ఎస్‌హెచ్‌ఏ అవసరం. దారిలో చెడిందా అని చూడటానికి సీకేసమ్ చాలు.

అన్నిటికంటే ముఖ్యం, కట్టిన టార్‌తో కాకుండా వేరే కుటుంబపు టార్‌తో విప్పి చూడటం. దానికోసం రెండో కంప్యూటర్ కొననక్కరలేదు. డెబియన్, ఉబుంటులలో లిబ్‌ఆర్కైవ్-టూల్స్ అనే ప్యాకేజీ పెడితే బీఎస్‌డీ టార్ వస్తుంది. మ్యాక్‌లో హోమ్‌బ్రూ ద్వారా గ్నూ-టార్ పెడితే అది జీటార్ అనే పేరుతో పనిచేస్తుంది. ఖాళీ ఫోల్డర్‌లో విప్పి, "డిఫ్ -ఆర్" తో అసలు ఫోల్డర్‌తో పోల్చండి. డిఫ్ ఏమీ మాట్లాడకపోతేనే పాత డిస్కు చెరపండి. రూట్‌గా (సర్వాధికారాలున్న వాడుకరిగా) మాత్రం విప్పవద్దు. మ్యాక్‌లో మొదటి వాడుకరి నంబరు 501, ఎక్కువ లినక్స్‌లలో 1000. రూట్‌గా విప్పితే ఫైళ్లు ఆ యంత్రంలో లేని 501 అనే మనిషి పేరున పడి ఉంటాయి.

డేటా అప్పగింత కోరే కార్యాలయాలకు, విశ్వవిద్యాలయాలకు మా మనవి ఒకటే. "టార్ ఫైలు ఇవ్వాలి" అన్న ఒక్క ముక్కతో ఆపకండి. పాక్స్ రూపం అని, ఫైళ్ల సంఖ్య అని, సీకేసమ్ అని, ఏ టార్ ఏ వెర్షన్‌తో కట్టారో అని నాలుగు గళ్లు పత్రంలో చేర్చండి. నింపడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఇప్పటికే అలమరల్లో ఉన్న పాత మూటల సంగతి. "ఫైల్ మూట.టార్" అని కొడితే పోసిక్స్ టార్ అనో, పక్కన గ్నూ అనో చెబుతుంది. చేత్తో చూడాలంటే ఫైలు మొదటి నుంచి 257 బైట్లు వదిలి తర్వాతి ఎనిమిది చూడండి: యూస్టార్, ఒక సున్నా బైటు, రెండు సున్నా అంకెలు ఉంటే పోసిక్స్, యూస్టార్ తర్వాత రెండు ఖాళీలు ఉంటే గ్నూ, ఏమీ లేకపోతే 1979 నాటి రూపం. ఆ మూడో రకం మూటల్లో తెలుగు పేర్లు ఉంటే, ముందుగా జాబితా తీసి 33 గుర్తుల దగ్గర ఆగిపోయిన పేర్లు ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే, మూలం ఉన్న డిస్కు ఎవరి దగ్గరైనా మిగిలి ఉండగానే అడిగి తెచ్చుకోండి.

ఇట్లు,
సర్వర్ల నిర్వహణలో పనిచేస్తున్న పాఠకులు,
విజయవాడ